ముత్యాల వరస

రెండు వెల్డింగ్ మిషన్లూ ఒకే బల్ల మీద పక్కపక్కన కూర్చున్నాయి. ఒకటి ఎరుపు, ఒకటి నీలం. రంగు గీకేస్తే తయారుచేసినవాడు కూడా ఏది ఏదో చెప్పలేడు. మేస్త్రి వాటి చుట్టూ తిరగడం ఇది మూడోసారి. పక్క తలుపు తీసి వైరు చుట్ట చూస్తాడు, రోలర్లను వేలితో తిప్పుతాడు, వైరు బయటికొచ్చే టార్చి చేతిలోకి తీసుకుని బరువు చూస్తాడు, పెదవి విరిచి మళ్ళీ మూసేస్తాడు.

"ఇప్పుడున్న ఇల్లు అద్దెకు తీసుకునేటప్పుడు ఒక్కసారే చూశారు," అంది భార్య, షాపువాళ్ళు వేసిన కుర్చీలో కూర్చుని. "ఈ ఇనప్పెట్టెలకి మూడుసార్లా?"

"ఇల్లు ఒక్కసారే చూశాం కాబట్టే వానొస్తే బిందెలు పెట్టుకుంటున్నాం. అందుకే వీటిని మూడుసార్లు."

భార్య చేతిలో కాగితం ఉంది. మధ్యలో నిలువుగా గీత కొట్టి, ఒక పక్క ఎరుపు, ఒక పక్క నీలం అని రాసుకుంది. బట్టలు కుట్టే మనిషి, కొలతలు రాయడంలో ఆమెకి తిరుగులేదు. "రెండూ రెండొందల ఆంపియర్లే. రెండూ ఇంటి కరెంటుతోనే నడుస్తాయి. పది నిమిషాల్లో ఇది ఆరు నిమిషాలు ఆగకుండా కాలుస్తుంది, అదీ ఆరే. గ్యారంటీ చెరో రెండేళ్ళు. తూకంలో కిలోన్నర తేడా, అంతే. బొమ్మా బొరుసా వేసుకోండి, ఇంటికెళ్దాం."

"కాగితం మీద అన్నీ ఒకటే. చేతికొచ్చాక తెలుస్తుంది."

ఇంటి వెనక రేకుల షెడ్డే అతని వర్క్‌షాపు. ఏడాదిగా అందులో నడుస్తున్న మిగ్ మిషను బావమరిదిది. నెలాఖరుకల్లా తనది తనకిచ్చెయ్యమని అతను కబురు పెట్టాడు, అందుకే ఈ వెతుకులాట. అంతకుముందు ముప్ఫై ఏళ్ళూ మేస్త్రి కడ్డీతోనే వెల్డింగ్ చేశాడు. కడ్డీ అయిపోగానే ఆగి ఇంకోటి తొడగాలి, చల్లారాక పైన కట్టిన నల్లటి పెచ్చు కొట్టాలి. మిగ్‌లో ఆ బాధ లేదు. మీట నొక్కితే కరిగి అతికే వైరు తనంతట తనే వస్తుంది, పక్కనుంచి గ్యాసు కాపలా కాస్తుంది, పెచ్చు కట్టదు. ఆ మిషను వచ్చాక అతని చేతికి రెక్కలొచ్చాయి. టార్చిని చిన్నగా ఊపుతూ, ఆపుతూ, ఊపుతూ వెళ్ళేవాడు. వెనకాల ఒకదాని పక్కన ఒకటి గుండ్రటి పూసలు కూర్చునేవి. చూసినవాళ్ళు ముత్యాల వరసలా ఉందన్నారు. ఆరు నెలలు తిరక్కుండానే ఊరంతా అతన్ని ముత్యాల మేస్త్రి అనడం మొదలుపెట్టింది. అతనికి ఆ పేరు కడుపు నింపినంత పని చేసింది. వెల్డు మీద రంగు మందంగా వేస్తే ముత్యాలు కనపడవని పెయింటరుతో దెబ్బలాడేవాడు.

"ఊరికే చూడటమెందుకు మేస్త్రీ, కాల్చి చూడండి," అన్నాడు షాపు యజమాని. వెనక గదిలో కొత్తవాళ్ళకి మిషను నేర్పే అమ్మాయిని పిలిచాడు. ముప్ఫై ఏళ్ళుంటాయి, తోలు చేతొడుగులు నడుముకి దోపుకుని ఉంది.

"మీరు రోజూ ఏం చేస్తారు మేస్త్రి గారూ?" అని అడిగింది.

"రెయిలింగులు, గేట్లు."

ఆమె అరచేతి వెడల్పున ఒక దళసరి ప్లేటూ, జానెడు పొడుగు పల్చటి చదరపు పైపూ తెచ్చింది. రెయిలింగ్ కాలు నేలకి బిగించేచోట ఉండేది అదే. పైపు ఎక్కడ నిలబడాలో ప్లేటు మీద గీటుముల్లుతో గీత గీసి, ఒక వైపు మాత్రమే వెల్డు చేయమంది. మేస్త్రి ఎర్ర మిషను ముందు కూర్చుని మంట తగ్గించుకున్నాడు. పల్చటి పైపు, మంట ఎక్కువైతే చిల్లు పడుతుంది. హెల్మెట్ దించాడు. చిటపటమని ఒకే శ్రుతిలో శబ్దం. హెల్మెట్ ఎత్తేసరికి షాపులో ఉన్న నలుగురూ దగ్గరికి వచ్చారు.

"ఇది వెల్డింగా, నగల పనా?" అన్నాడు యజమాని.

నీలం మిషను మీద ఇంకోటి చేశాడు. తేడా లేదు. భార్య దాన్ని చూసి కాగితం మీద రెండు వైపులా ఒకే గుర్తు పెట్టింది.

"చాలా అందంగా ఉంది," అంది ఆ అమ్మాయి. "విరగ్గొట్టి చూద్దామా?"

మేస్త్రికి నవ్వొచ్చింది. "సుత్తి జాగ్రత్త, అదే విరుగుతుంది."

ఆమె ప్లేటుని బల్లకున్న వైస్ దవడల మధ్య బిగించింది. రెండు కిలోల సుత్తి తీసుకుని పైపు మీద ఒక దెబ్బ వేసింది. పైపు కొంచెం వాలింది. రెండో దెబ్బకి టప్పుమంది. పైపు ఎగిరి నేల మీద పడి దొర్లుకుంటూ భార్య కాళ్ళ దగ్గర ఆగింది.

ముత్యాల వరస మొత్తం పైపునే అంటిపెట్టుకుని ఉంది, ఒక్క పూస కూడా పోలేదు. ప్లేటు మాత్రం ఏమీ ఎరగనట్టు తెల్లమొహం వేసుకుని చూస్తోంది. దాని మీద గీటుముల్లుతో గీసిన సన్నటి గీత చెక్కుచెదరకుండా అలాగే ఉంది.

"ఈ గీత కరగలేదు చూశారా," అంది ఆమె మెల్లిగా. "లోహం దీని మీద కూర్చుందంతే. పట్టుకోలేదు."

 మేస్త్రి వేలితో ఆ గీతని తడిమాడు. తర్వాత, "ఎర్రది బాగాలేదు. మంట లేదు దాంట్లో," అన్నాడు.

ఆమె నీలం మిషను ముక్కని బిగించింది. దానికి రెండో దెబ్బ కూడా అక్కర్లేకపోయింది.

"అయితే రెండూ దొంగ మిషన్లే!" అన్నాడు మేస్త్రి. తన గొంతు తనకే గట్టిగా వినిపించింది.

"అదేం మాట మేస్త్రీ, ఇరవై ఏళ్ళ నుంచి షాపు నడుపుతున్నాను," అన్నాడు యజమాని మొహం ముడుచుకుని.

ఆ అమ్మాయి చేతొడుగులు తొడుక్కుంది. ఎర్ర మిషనుకి మంట పెంచింది. టార్చిని పైపు వైపు కాకుండా దళసరి ప్లేటు వైపు వంచి, ముందు ప్లేటుని కరగనిచ్చి, ఆ కరిగిన మడుగుని పైపుకి తగలనిస్తూ నెమ్మదిగా నడిచింది. ఊపు లేదు, పూసలు లేవు. పైన మిగిలింది సాదాసీదా గరుకు గీత. ఆ ముక్కని బిగించి సుత్తి మేస్త్రి చేతికే ఇచ్చింది. అతను కసిగా తొమ్మిది దెబ్బలు వేశాడు. పైపు మడతపడి ప్లేటు మీద పడుకుంది. వెల్డు ఊడలేదు. నీలం మిషను మీద చేసిందీ అంతే.

"కడ్డీ పట్టిన చేతులన్నీ మొదట ఇదే పొరపాటు చేస్తాయి మేస్త్రి గారూ," అంది ఆమె. "కడ్డీకి మంట ఎక్కువ, కింద ఇనుము దానంతట అదే కరుగుతుంది. ఇక్కడ వైరు ముందే వచ్చి పరుచుకుంటుంది. కింద కరిగిందో లేదో పైకి తెలీదు. ఎంత చల్లగా పోస్తే అంత అందంగా కూర్చుంటుంది."

భార్య కాగితం నాలుగు మడతలు పెట్టి సంచిలో వేసుకుంది. 

*

షెడ్డు తలుపు తీసి మేస్త్రి నేరుగా గోడవారకి వెళ్ళాడు. ఎల్లుండి ఇవ్వాల్సిన మెట్ల రెయిలింగ్ కాళ్ళు పదకొండు అక్కడ వరసగా నిలబడి ఉన్నాయి. ఒకదాన్ని తీసి వైస్‌లో బిగించాడు. బావమరిది మిషను మంచిదనీ, షాపు మిషన్లే చెడ్డవనీ అతని మనసు ఇంకా ఒక మూల గొణుగుతోంది. సుత్తి ఎత్తాడు.

మూడు దెబ్బలకి ఊడింది. రెండోది రెండింటికి. మూడోది ఒక్కదానికే. నాలుగోదీ అంతే. ఐదు, ఆరు. ప్లేట్లు ఒక్కొక్కటీ శుభ్రంగా, కొత్తగా, ఏ మంటా తగలనట్టు నేల మీద పడుతున్నాయి.

"చాలు ఆపండి," అంది గుమ్మంలో నిలబడ్డ భార్య.

"మిషను..."

"ఎరుపుదీ కాదు, నీలందీ కాదు, మా తమ్ముడిదీ కాదు. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుంది."

అతను సుత్తి కింద పెట్టి ఇనప రజను నిండిన నేల మీదే కూలబడ్డాడు. ముప్ఫై ఏళ్ళ చేయి. పని నేర్చుకున్న మొదటి నెలలో కూడా ఎవరూ అతని ముక్క విరగ్గొట్టి చేతిలో పెట్టలేదు. ఏడాదిగా ఎన్ని కాళ్ళు వెల్డు చేశాడు? పైపుకి పైపు అతికించినవి పరవాలేదు, పల్చటివి రెండూ కరిగి ఉంటాయి. దళసరి ప్లేటు ఉన్నచోటల్లా ఇంతే. కాలు కింద ప్లేటు లేని రెయిలింగ్ ఎక్కడుంది! ఎన్ని మెట్లు, ఎన్ని బాల్కనీలు, ఎంతమంది చేతులు!  వాటిల్లో ఏదో ఒకదాని మీద ఎవరో ఒకరు ఈ నిమిషంలోనే చేయి ఆనించి ఉంటారు.

"మరి ఆ గేటో?" అంది భార్య.

అతను తల ఎత్తాడు.

"మందుల షాపాయన గేటు. స్కూటర్ మీద పడిపోయిందే. మడతబందు దగ్గర ఊడింది కదా. మన దగ్గర పనిచేసిన పెద్దాయన గ్రైండర్‌తో మీ వెల్డంతా గీకేశాడు, అందుకే ఊడిందన్నారు మీరు."

అన్నాడు. నలుగురిలో అన్నాడు. మూడు నెలలవుతోంది. గేటు పడ్డ చోటే, ఆ ఇంటివాళ్ళ ముందు, రోడ్డున పోయేవాళ్ళ ముందు, 'వెల్డులో లోపం లేదండీ, ఈయన అరగదీసేశాడు' అని గ్రైండింగ్ చేసే పెద్దాయన్ని వేలెత్తి చూపించాడు.  పెద్దాయన కళ్ళద్దాలు తీసి జేబులో పెట్టుకుని, నీళ్ళ సీసా తీసుకుని వెళ్ళిపోయాడు. మర్నాడు పనిలోకి రాలేదు. రమ్మని ఇతనూ అడగలేదు. అప్పట్నుంచి ఏ వెల్డునీ గీకించలేదు.

ఊడిన మడతబందు ఇంకా షెడ్డులోనే, పాత ఇనుము కుప్పలో ఉంది. మేస్త్రి మోకాళ్ళ మీద పాక్కుంటూ వెళ్ళి తవ్వి తీశాడు. తుడిచాడు. మూడు నెలల్లో ఒక్కసారి కూడా దాన్ని తిరగేసి చూడలేదు. ఇప్పుడు చూశాడు. ముత్యాల వరస పూర్తిగా ఉంది, రంగు కింద ప్రతి పూసా గుండ్రంగా మెరుస్తోంది. దాని వెనక, ప్లేటుని అంటాల్సిన వైపు, నున్నగా అద్దంలా ఉంది.

భార్య వంగి చూసింది. "పెద్దాయన గీకాడన్నారు. ఎక్కడ గీకాడు?"

 భూతద్దం పెట్టి వెతికినా దాని మీద గ్రైండర్ గీత ఒక్కటి లేదు. సిగ్గుతో అతని చెవులు కాలిపోయాయి.

*

పెద్దాయన ఇప్పుడు తన ఇంటి ముందు అరుగు మీదే కత్తులూ కత్తెరలూ సానబడుతున్నాడు. మేస్త్రి పొద్దున్నే వెళ్ళేసరికి అప్పటికే ఐదారుగురు నిలబడి ఉన్నారు. ఒకావిడ చేతిలో కూరగాయల కత్తులు, క్షౌరశాల అతని చేతిలో నాలుగు కత్తెరలు. రాయి గిర్రున తిరుగుతోంది.

ఏళ్ళ తరబడి గ్రైండర్ హోరులో పనిచేసి పెద్దాయనకి వినికిడి పోయింది. మామూలు మాట ఆయనకి అందదు. మేస్త్రి రాత్రంతా కూడబలుక్కున్న మాటలన్నీ మెల్లగా చెప్పే మాటలు.

"పెద్దాయనా, ఒక మాట చెప్పాలి."

"ఆఁ?"

"ఒక మాట!"

"మాటా? చెప్పండి. కత్తెర తెచ్చారేమో అనుకున్నా."

మేస్త్రి పక్కకి రమ్మని సైగ చేశాడు. పెద్దాయన రాయి ఆపలేదు. "ఇక్కడే చెప్పండి. అందరూ మనవాళ్ళే."

"ఆ గేటు... తప్పు నాది."

"ఆఁ?"

"తప్పు నాది!"

"ఏ గేటు?"

"మందుల షాపాయన గేటు!" మేస్త్రి గొంతు చించుకున్నాడు. "నువ్వు గీకలేదు! నా వెల్డే పట్టలేదు! అబద్ధం చెప్పాను!"

క్షౌరశాల అతను కత్తెర తిప్పడం మానేశాడు. కత్తులావిడ నోరు తెరిచి చూసింది. ఎదురింటి కిటికీలో ఒక తల కనిపించింది. మేస్త్రికి భూమి చీలి లోపలికి పోతే బాగుండుననిపించింది. పెద్దాయన రాయి ఆపి, చేతిలోని కత్తిని గుడ్డతో తుడిచి, అంచుని వెలుగుకి పట్టి చూసుకున్నాడు.

"ఇప్పుడు వినపడింది," అన్నాడు. "మొదటిసారే కొంచెం వినపడిందిలెండి."

అక్కడున్నవాళ్ళు నవ్వారు. మేస్త్రి నవ్వలేకపోయాడు.

"ఆ మడతబందుకి నేను గ్రైండరే పెట్టలేదు మేస్త్రీ. గేటుకి అందమే అక్కడుంది, ముట్టుకోకు అని మీరే అన్నారు. ఆ రోజు రోడ్డు మీద ఆ మాటే గుర్తుచేద్దామనుకున్నా. అప్పటికే మీరు చెయ్యెత్తి చూపిస్తున్నారు."

"నీకు ముందే తెలుసా? పట్టడం లేదని?"

"గీకేవాడికి తెలీకుండా ఎలా ఉంటుంది? పూస సగం అరగ్గానే కింద నల్లగీత కనపడుతుంది, గోడ బీటలా. ఒకసారి చూపించాను మీకు. గుర్తుందా?"

గుర్తొచ్చింది. 'చెవులే పోయాయనుకున్నా, కళ్ళు కూడానా పెద్దాయనా' అని నవ్వి, పక్కనున్న పెయింటర్ని కూడా నవ్వించాడు తను. ఆ నవ్వు ఇప్పుడు చెంప మీద కొట్టినట్టు తగిలింది.

"మీరు నాతో రావాలి," అన్నాడు. ఇన్నాళ్ళూ నువ్వు అన్న మనిషిని మీరు అంటున్నానని అతనికి తట్టలేదు. "ప్లేట్లున్నవన్నీ వెతకాలి. అన్నిటికంటే ముందు మూడో అంతస్తు బాల్కనీ. టీచరమ్మ గారిది."

పెద్దాయన మొహంలో నవ్వు పోయింది. సానరాయి స్విచ్చి కట్టేసి, మిగిలిన కత్తులు రేపు ఇస్తానని వచ్చినవాళ్ళకి చెప్పాడు. "కడ్డీ మిషను తెండి."

"అది మూల పడేసి ఏడాదైంది. పనిచేస్తుందో లేదో."

"చేస్తుంది," అన్నాడు పెద్దాయన, చెప్పులు వేసుకుంటూ.

*

కడ్డీ మిషను, తీగలు, గ్రైండర్, సుత్తి, తాడు బండిలో వేసుకుని వీధి మలుపు తిరిగేసరికి మేస్త్రి పైకి చూశాడు. మూడో అంతస్తులో టీచరమ్మ రెయిలింగ్ మీదికి నడుం దాకా వంగి దుప్పటి దులుపుతోంది. దులిపినప్పుడల్లా ఆమె పొట్ట ఇనప కమ్మీకి గుద్దుకుంటోంది.

"అమ్మా! లోపలికి పొండి!" అని అరిచాడు. రెండు చేతులూ ఊపాడు. "లోపలికి పొండమ్మా!"

ఆమెకి అర్థం కాలేదు. ఏమిటన్నట్టు ఇంకా ముందుకి వంగింది. మేస్త్రికి పై ప్రాణాలు పైనే పోయాయి. మెట్లు ఎలా ఎక్కాడో తెలీదు. ఆమె తలుపు తీసేసరికి అతనికి ఊపిరి అందలేదు.

"ఏమైంది మేస్త్రీ? దొంగలేమైనా వెంటపడ్డారా?"

"మీరు బాల్కనీలోకి వెళ్ళకండి. ఆ రెయిలింగ్... నేను సరిగ్గా చేయలేదు."

"మీరా!" అందావిడ నవ్వేస్తూ. "రిటైరయ్యాక నా పొద్దంతా దాన్ని ఆనుకునే గడుస్తోంది. చుట్టాలొస్తే ఆ ముత్యాలే చూపిస్తాను."

పెద్దాయన నెమ్మదిగా మెట్లెక్కి వచ్చాడు. ఇద్దరూ ముందు రెయిలింగ్ మొత్తాన్ని తాడుతో గది కిటికీ ఊచలకి కట్టేశారు, ఊడితే వీధిలో పడకుండా. మొత్తం ఏడు కాళ్ళు. తలుపుకి ఎదురుగా మూడు. నడిచేటప్పుడు కాలివేళ్ళకి గుచ్చుకుంటాయని ఆ మూడింటినీ నున్నగా గీకించింది టీచరమ్మే. అటు రెండు, ఇటు రెండు చివరి కాళ్ళకి ముత్యాలు వదిలేశారు.

పెద్దాయన సుత్తి పట్టుకున్నాడు. ఎడమ చివర కాలిని అడుగున పక్కనుంచి కొట్టాడు. మూడో దెబ్బకి రంగు పగిలింది, నాలుగో దెబ్బకి కాలు ప్లేటు మీంచి పక్కకి జరిగింది. టీచరమ్మ చప్పున గోడకి ఆనుకుంది. రెండోది రెండు దెబ్బలకే. కుడివైపు రెండూ అంతే. నాలుగు కాళ్ళు గాల్లో వేలాడుతున్నాయి.

"అయ్యో," అంది టీచరమ్మ.  తన పొట్ట మీద చెయ్యి పెట్టుకుంది.

"మధ్యవి కూడా," అన్నాడు మేస్త్రి. 

"మీరు కొట్టండి," అని పెద్దాయన సుత్తి అతనికిచ్చాడు.

మేస్త్రి కొట్టాడు. కాలు కదల్లేదు. ఇంకా గట్టిగా కొట్టాడు. పది దెబ్బలు వేశాడు, పైపు సొట్టపడింది గానీ అడుగు చెదరలేదు. పక్కది కొట్టాడు. మూడోదీ కొట్టాడు. చెమట కళ్ళలోకి దిగింది. అదే రోజు, అదే మిషనుతో, అదే చేత్తో చేసిన కాళ్ళు. అతనికి అర్థం కాక మోకాళ్ళ మీద కూర్చుని ఉలి కొసతో రంగు గీకాడు. నున్నటి ఇనుములో ఒకచోట ఆవగింజంత నల్లటి పెచ్చు ముక్క ఇరుక్కుని ఉంది.

వైరు వెల్డింగులో పెచ్చు కట్టదు.

 మేస్త్రి తలెత్తి పెద్దాయన వైపు చూశాడు. పెద్దాయన వీధిలోకి చూస్తున్నాడు.

"ఇది కడ్డీ పని," అన్నాడు మేస్త్రి.

"ఆఁ?"

"కడ్డీ పని! ఎవరు చేశారు?"

"మధ్యాహ్నాలు మీరు కొలతలకి వెళ్ళేవారు కదా," అన్నాడు పెద్దాయన, ఎవరో పక్కింటివాళ్ళ సంగతి చెప్తున్నట్టు. "నల్లగీత కనపడ్డప్పుడల్లా ఇంకా లోతుకి గీకేసి, ఆ మూల మిషను తీసి కాల్చేవాణ్ణి. నా చేయి వణుకుతుంది, పూస వంకరగా వస్తుంది. చూస్తే మీరు ఊరుకోరు. అందుకని పైన నున్నగా గీకేసేవాణ్ణి."

"ఎన్ని?"

"గీకమని మీరు నా చేతికిచ్చినవన్నీ. ముత్యాలుంచమన్నవి మాత్రం ముట్టుకోలేదు, ముడితే మీకు తెలిసిపోతుంది. అవే నాకు నిద్ర పట్టనిచ్చేవి కావు," అన్నాడు.

 ఏడాదిగా ఊళ్ళో మేస్త్రి రెయిలింగులు నిలబడ్డాయంటే ఎవరివల్ల నిలబడ్డాయో ఇప్పుడు తెలిసింది. నున్నగా గీకేసిన ప్రతిచోటా, అయ్యో నా పనితనం అరిగిపోయిందే అని అతను లోపల్లోపల ఏడ్చుకున్నాడు. అక్కడే మనుషులు బతికి బయటపడ్డారు. అతను పదిమందికి పేరు చెప్పుకుని చూపించినచోటల్లా చావు పొంచి ఉంది. అలాంటి మనిషిని నడిరోడ్డు మీద నిలబెట్టి వేలెత్తి చూపించాడు. ఏడుపు తన్నుకొచ్చింది. ఆపుకోలేదు.

"లేవండి మేస్త్రీ," అన్నాడు పెద్దాయన. "ఏడిస్తే ఇనుము అతుక్కోదు. ఇంతకీ షాపులో మిషన్లేవో చూస్తున్నారట. ఏది బాగుంది?"

"రెండూ బాగున్నాయి." మేస్త్రి మొహం తుడుచుకున్నాడు. "అక్కడ ఒకమ్మాయి నేర్పుతోంది. ముందు వెళ్ళి నేర్చుకోవాలి. అప్పటిదాకా నేను కాల్చను."

"మంచిది. మరి వీటి సంగతి?"

"ఇక వెతుక్కోవడం తేలికే," అన్నాడు మేస్త్రి. "ముత్యాలు ఎక్కడ కనపడితే అక్కడ కొట్టాలి."

పెద్దాయన కడ్డీ బిగించి హెల్మెట్ పెట్టుకున్నాడు. మేస్త్రి కాలిని రెండు చేతులతో నిటారుగా పట్టుకుని తల పక్కకి తిప్పుకున్నాడు. కడ్డీ బుసకొట్టింది. పెద్దాయన చేయి వణికింది, పూస వంకరపోయింది, కింద ప్లేటు ఎర్రగా కరిగి పైపుని కరుచుకుంది. చల్లారాక పెచ్చు కొట్టి, మేస్త్రి సుత్తితో తనే పది దెబ్బలు వేశాడు. నిలిచింది. రెండో కాలు పట్టుకున్నాడు.

నాలుగు కాళ్ళూ అయ్యేసరికి మధ్యాహ్నం దాటింది. టీచరమ్మ గదిలోంచి కదల్లేదు. రెండు గ్లాసుల్లో మంచినీళ్ళు తెచ్చి గడపలో నిలబడి, వంకరటింకర వెల్డునీ, ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. బాల్కనీలోకి అడుగు పెట్టడానికి ఇంకా ధైర్యం చాలలేదు.

"ఏమనుకోకండి, ఒకటడుగుతాను," అంది. "ఇంతకీ మీ ఇద్దర్లో మేస్త్రి ఎవరు?"

పెద్దాయనకి వినపడలేదు, తర్వాతి ఇంటికి కడ్డీలు లెక్కపెట్టుకుంటున్నాడు.

"ఆయనండీ," అన్నాడు మేస్త్రి. మొదటి గ్లాసు తీసుకెళ్ళి పెద్దాయనకి ఇచ్చి, ఈసారి తనే గీకడానికి గ్రైండర్ ప్లగ్గు పెట్టే చోటు వెతుక్కుంటూ లోపలికి వెళ్ళాడు.